ఉప్పుటేటి తరఫు మనిషి

వకీళ్లు రిటైరవరు, మోకాళ్లు రిటైరవుతాయి. నావి రిటైరయి కొంతకాలమైంది. చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కాలంటే ఇప్పుడు నాకు ఒక ఊతకర్ర, అటో భయ్యా ఇటో భయ్యా కావాలి. అందుకని కోర్టు మానేసి డాలీగంజ్‌లో మా వరండాలో కూర్చుని, దారిన పోయే కుర్ర వకీళ్లకు అడగని సలహాలు ఇస్తుంటాను. వాళ్లలో ఒకమ్మాయి మొన్న, "అంకుల్, మీరు గెలిచిన పెద్ద కేసేది?" అని అడిగింది. గెలిచిన కేసు చెబుదామని నోరు తెరిచి, గెలిచానో లేదో నాకిప్పటికీ తేలని కేసు చెప్పాను. రాసిపెట్టమంది. తెలుగులో రాస్తే నువ్వు చదవగలవా అన్నాను. "అమ్మ చదివి వినిపిస్తుందిలెండి. ఆప్ లిఖో నా" అంది. కాబట్టి ఇది చదివి వినిపిస్తున్న అమ్మలందరికీ ముందుగా నమస్కారం.

సునామీ రోజున నీళ్లు వచ్చి వెళ్లిపోయాయని మెయిన్‌లాండ్ వాళ్లు అనుకుంటారు. మా దీవుల్లో కొన్నిచోట్ల వచ్చాయి, కానీ వెళ్లలేదు. భూకంపానికి నేలే కిందికి దిగిపోయింది. నిన్నటిదాకా వరి పండిన మడుల్లోకి పోటుకు సముద్రం రావడం, పాటుకు వెనక్కి పోవడం మొదలైంది. పక్కన పారే ఉప్పుటేరు, ఇక్కడి అందరి మాటలో ఖాడీ, గట్లు దాటి పొలాల్లో కాపురం పెట్టింది. కొన్నేళ్లకు అక్కడ మడచెట్లు మొలిచాయి. కాగితం మీద అది పొలమే. కింద చూస్తే బురద, వేర్లు, పీతలు.

హోప్ టౌన్‌లో అలా మునిగిన పొలాల్లో ఒకటి మా టీచరత్తది. నిజానికి ఆవిడ నాకు అత్త కాదు. చిన్నప్పుడు సండేస్కూల్లో నాకు బైబిలు వాక్యాలు కంఠతా పెట్టించిన టీచరమ్మ. మా అమ్మ ఆవిడని వదినా అని పిలిచేది కాబట్టి నాకు టీచరత్త అయింది. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చారు, మా తాతలూ అంతే. భర్త పోయాడు. పిల్లల్లేరు. పొలం మునిగినా ఇల్లు మునగలేదు, పూర్తిగా. పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటుకు నీళ్లు వాకిలి దాటి గదిలోకి వస్తాయి. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పడుకునేది.

అలాంటి పొలానికి ఒక బేరం వచ్చింది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక కంపెనీ ఆ నేల పూడ్చి, గోదాము కట్టుకుంటామంది. టీచరత్త డాలీగంజ్‌లో మిట్ట మీద రెండు గదుల ఇల్లు చూసి పెట్టుకుంది. ఆ ఇంటి కిటికీలోంచి సముద్రం కనబడదు. అందుకే నచ్చిందట.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఆ పొలం పూడ్చేస్తే పోటు నీళ్లకు పరుచుకునే చోటు పోతుంది. అవి పక్కనున్న పల్లపు ఇళ్లలోకి పోవాలి. ఆ ఇళ్లవాళ్లు కోర్టుకు వెళ్లారు. పోటు నీళ్లు చేరే నేలనూ, మడచెట్లున్న నేలనూ పూడ్చకూడదని చట్టం ఉంది, దాన్ని అమలు చేయమన్నారు. దాంతోపాటు ఎవరో చదువుకున్న కుర్రాడు వాళ్ల పిటిషన్‌లో ఇంకొక కోరిక కూడా చేర్చాడు. ఈ ఖాడీని ప్రాణమున్న మనిషిగా గుర్తించాలి, పారే హక్కు దానిదే, దాని తరఫున మాట్లాడడానికి ఒకరిని నియమించాలి అని.

జడ్జిగారు చదివి, కళ్లజోడు తీసి, హాలంతా చూశారు. ఆ రోజు అవతలి ఒడ్డున పని చూసుకుని వస్తుంటే బాంబూఫ్లాట్ ఫెర్రీ ఆలస్యమై, నేను అప్పుడే లోపలికి వస్తున్నాను. ఖాళీగా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. అలా ఉప్పుటేటి తరఫు మనిషినయ్యాను.

మా గుమస్తాకు ఇది మింగుడు పడలేదు.

"సార్, వకాలత్ మీద సంతకం ఎవరు పెడతారు?"

"కోర్టే నియమించింది. సంతకం అక్కర్లేదు."

"ఫీజు?"

"అడిగి చూడు."

"వేలిముద్ర అయినా తీసుకుందామా? నీళ్లకు వేళ్లుండవు కదూ. మడచెట్లకు వేర్లున్నాయి గానీ."

నవ్వుకున్నాం గానీ, వాదన అంత నవ్వులాటేమీ కాదు. గుడిలో దేవుడి పేరున ఆస్తి ఉంటుంది, ఆయన తరఫున దావా వేస్తారు. కంపెనీకి కాళ్లూ చేతులూ లేవు, అయినా అది కోర్టుకు వస్తుంది, ఈ కేసులో వచ్చింది కూడా. మన హార్బర్‌లో ఓడ బాకీపడితే ఓనరును వదిలేసి ఓడనే అరెస్టు చేయొచ్చు. దేశంలో ఒక కోర్టు నదులకు ప్రాణముందని అంటే పై కోర్టు ఆ మాటను ఆపిపెట్టింది. అంటే లేదని తేల్చలేదు, ఆగమంది. నేనూ ఆ సందులో నిలబడ్డాను. ఓడకు ఉన్న హక్కు దాన్ని మోసే నీటికి ఎందుకు లేదని అడుగుదామనుకున్నాను. రాత్రిళ్లు ఈ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి మురిసిపోయేవాణ్ణి. పొద్దున్నే టీచరత్త గుర్తొచ్చి మురిపెం దిగిపోయేది.

ఆవిడకు నేనే చెప్పాలని ఒక ఆదివారం వెళ్లాను. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటోంది.

"అత్తా, కోర్టు నన్ను ఖాడీ తరఫున పెట్టింది."

"విన్నాను. నేనిటు, నువ్వటు."

"నేను కావాలని..."

"కావాలని ఎవరు పుడతారు ఏ గట్టున? నాకొక్కటి చెప్పు. అది మనిషైతే, మా పొలంలోకి చెప్పకుండా వచ్చి కూర్చున్నందుకు దాని మీద నేను కేసు పెట్టొచ్చా?"

చట్టప్రకారం ఆలోచించాను. పెట్టొచ్చేమో. అదే చెప్పాను.

"మరి నీ క్లయింటును జాగ్రత్తగా ఉండమను" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మాటకు నవ్వాలో భయపడాలో ఫెర్రీ చాతం చేరేదాకా తేలలేదు. నేను గెలిస్తే ఆవిడకు మిట్ట మీద ఇల్లు లేదు. ఓడితే పల్లపు ఇళ్లవాళ్లకు ఆవిడ ఇప్పుడు పడుతున్న పాట్లే. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నోరులేనివాళ్ల తరఫున నిలబడేవాణ్ణి కోర్టు 'నెక్స్ట్ ఫ్రెండ్' అంటుంది. అలా నన్ను ఖాడీకి మిత్రుణ్ణి చేసింది గానీ, మిగతా మిత్రుల సంగతి ఆలోచించలేదు.

నేల చూసి రమ్మని కోర్టు ఒక కమిషనరును పంపింది. కలకత్తా నుంచి వచ్చిన సీనియర్ వకీలు, బెంగాలీ ఆవిడ. ఏది పొలమో ఏది ఖాడీయో కళ్లతో చూసి, అవసరమైతే అక్కడివాళ్లను ప్రశ్నలడిగి, రిపోర్టు ఇవ్వాలి. కోర్టు ఆ రిపోర్టును బట్టే తేలుస్తుందని అందరికీ తెలుసు. తేదీ మీరిద్దరూ మాట్లాడుకోండి అన్నారు జడ్జిగారు. ఇద్దరూ అంటే నేనూ, కంపెనీ వకీలూ. అతను నాకు పాత స్నేహితుడు. మాలాగే ఇక్కడ పుట్టిన తెలుగువాడు, ఫెర్రీలో కలిసినప్పుడల్లా నా పక్కనే కూర్చుని నా పల్లీలు తినేవాడు. ఒక తేదీ చెప్పాడు. ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆ రోజు వేరే పనేమీ లేదు, కింద మంచి వాక్యం కూడా ఉంది. సరే అన్నాను.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. మా గోడ మీద వేలాడేది చర్చి క్యాలెండర్. దాంట్లో వాక్యాలుంటాయి, తిథులుండవు. పున్నమీ అమావాస్యల దగ్గరే పెద్ద పోటు వస్తుందని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ తేదీ ఏ తిథో చూసుకోవాలని తోచలేదు. కమిషనరు ఇంకా రాకముందు, ఫెర్రీలో పల్లీలు నములుతూ నా స్నేహితుడే చెప్పాడు.

"భయ్యా, ఎల్లుండి అష్టమి దాటిన మర్నాడు తెలుసా?"

"అయితే?"

"అయితే ఏముంది. నీళ్లు గట్టు దగ్గరకు కూడా రావు. మా ఆవిడ ఏకాదశి ఉపవాసాలుంటుంది. తిథి తెలియకపోతే నాకు ఆ పూట అన్నమే దొరకదు. నీకు ఆ బాధ లేదుగా."

వాయిదా అడిగాను. కమిషనరు గారు అప్పటికే ఓడ ఎక్కేశారు, కుదరదన్నారు.

ఆ రోజు పొద్దున్న హోప్ టౌన్‌లో దిగేసరికి ఎండ కాలుస్తోంది. పొలం నెర్రెలిచ్చి ఉంది. మడచెట్లు ఉండాల్సిన చోట మొదళ్లున్నాయి. ఎవరో నరికేశారు. 'ఎవరో' అన్నది కోర్టులో నేను వాడిన మాట. వాటి మీద కొంతమేర ఎర్రమట్టి కూడా పోసి ఉంది. ఖాడీ ఎక్కడో దూరాన, నాకేమీ సంబంధం లేదన్నట్టు సన్నగా మెరుస్తోంది. కేసు నీరుగారిపోవాలన్నా కాస్త నీరుండాలి కదా. పోటు రాలేదు గానీ నాకే గుండెపోటు వచ్చేట్టుంది.

కమిషనరు గారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పొలం మధ్యదాకా నడిచారు. చెప్పులకు తడి అంటలేదు.

"మీ ఖాడీ ఎక్కడండీ?" అని హిందీలో అడిగారు.

"ఈ రోజు... తక్కువగా ఉంది మేడమ్."

"సెలవు పెట్టిందేమో" అన్నాడు నా స్నేహితుడు. ఆవిడ నవ్వలేదు. అదొక్కటే నాకు ఊరట.

ఊరివాళ్లు గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఒకవైపు పల్లపు ఇళ్లవాళ్లు. ఇంకోవైపు టీచరత్త, ఆదివారం కట్టుకునే తెల్లచీరతో, ఒక ప్లాస్టిక్ కుర్చీలో. మొదట పల్లపు ఇళ్లవాళ్లు నీళ్లు వస్తాయని చెప్పారు. వాళ్లు కేసు వేసినవాళ్లు కాబట్టి అలాగే చెబుతారని నా స్నేహితుడు అన్నాడు. తర్వాత అతను టీచరత్త దగ్గరికి వచ్చాడు. ఇది పంట పండే పొలమేనని, వాన నీళ్లు అప్పుడప్పుడు నిలవడం తప్ప ఏమీ లేదని చూపించాలి అతనికి. దానికి అతని దగ్గర ఉన్న సాక్ష్యం మా చర్చి మైకు.

ఇది మా వాళ్లు కానివారికి కాస్త చెప్పాలి. మా చర్చిల్లో ఏటా కోత పండుగ చేస్తాం. ఎవరి పొలంలో, ఎవరి పెరట్లో, ఎవరి చేతిపనిలో వచ్చిన మొదటి ఫలాన్ని వాళ్లు తెచ్చి, ముందు బల్ల మీద దేవుడికి పెడతారు. తర్వాత వాటిని వేలంపాట పాడతారు, వచ్చిన డబ్బు చర్చికి. కానుక పెట్టేటప్పుడు పాస్టరుగారు మైకులో చెబుతారు, ఫలానావారి పొలం నుంచి కానుక అని. ఆ మైకు హార్బరు సగందాకా వినిపిస్తుంది. ఏటా ఫెర్రీలో కూర్చుని నా స్నేహితుడు విన్నాడు. కోత అంటే వరి, పొలం అంటే పొలం. అతనికి అనుమానం ఎందుకు వస్తుంది?

"అమ్మా, ఈ పొలం నుంచి ఏటా కోత పండుగకు కానుక ఇస్తారా?"

"ఇస్తాను."

"సునామీ తర్వాత కూడా?"

"ఒక్క ఏడూ మానలేదు."

"పాస్టరుగారు అందరి ముందూ ప్రకటిస్తారు?"

"ప్రకటిస్తారు."

కమిషనరు గారు రాసుకున్నారు. నా స్నేహితుడు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. గట్టు మీద పల్లపు ఇళ్లవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు వేరే చర్చి, వేరే దేవుళ్లు. వాళ్లకూ తెలియదు.

నాకు తెలుసు. ఏటా ఆ కానుకను పాటలో కొనేది నేనే. మా ఇంట్లో వండుకు తినేదీ మేమే.

"మీ ప్రశ్నలు?" అన్నారు కమిషనరు గారు.

ఒక్క ప్రశ్న చాలు. అది నాలుక చివర ఉంది. కానీ టీచరత్త తెల్లచీర అంచు కింద కాళ్లు కనబడుతున్నాయి. ఉప్పునీళ్లలో నాని తోలు లేచిన పాదాలు. డాలీగంజ్ కిటికీ గుర్తొచ్చింది. నేను ఫైలు తెరిచాను, మూశాను. కళ్లజోడు తుడిచాను.

టీచరత్త తెలుగులో అంది, "అడగవేటి?"

"అత్తా..."

"చిన్నప్పుడూ ఇంతే. వాక్యం సగం చెప్పి మిగతా సగం మింగేసేవాడివి. ఏం తెస్తానో అడుగు."

నా స్నేహితుడి మొహంలో మొదటిసారి రంగు మారింది. "అమ్మా, మీరు జవాబు చెప్పేశారు. అక్కర్లేదు" అన్నాడు, అదీ తెలుగులోనే.

"నువ్వు అడిగినదానికి నేను చెప్పాను బాబూ. సగం అడిగావు, సగం చెప్పాను. దేవుడి బల్ల మీద పెట్టినదాని గురించి సగం చెప్పి ఊరుకోలేను."

"ఏమంటున్నారు?" అని కమిషనరు గారు అడిగారు.

"నన్ను ప్రశ్న అడగమంటున్నారు మేడమ్" అన్నాను.

"అయితే అడగండి."

అడిగాను. "ఆ కానుక ఏమిటో చెబుతారా?"

"కేకడే" అంది టీచరత్త, హిందీలో, కమిషనరు గారి కళ్లలోకి చూస్తూ. "పీతలు. బుట్టెడు మండపీతలు. నీళ్లొచ్చిన తర్వాత ఈ పొలంలో పండేది అదే. వరి పండినప్పుడు వరి ఇచ్చాను. పీతలు పండితే పీతలిచ్చాను."

ముందుగా నా స్నేహితుడే తేరుకున్నాడు. "మేడమ్, వరిపొలంలో కూడా పీతలుంటాయి."

టీచరత్త తన మోచెయ్యి దగ్గరనుంచి వేళ్లదాకా చూపించింది. "కాళ్లు చాపితే ఇంత ఉంటాది ఒక్కొక్కటి. వరిపొలంలో ఇలాటివుంటే బాబూ, కోతకు వరి మిగలదు."

కమిషనరు గారు బెంగాలీ మనిషి. పీత ఏ నీళ్లలో ఎంత పెరుగుతుందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. కలం మూసి, నెర్రెల పక్కనున్న ఒక బొరియ దగ్గర కూర్చుని లోపలికి చూశారు. "ఎంత లోతుంటుంది?" అని అడిగారు. "నీళ్లు తగిలేదాకా" అంది టీచరత్త. ఒక పుల్ల తెప్పించి లోపలికి దించారు. బయటికి తీస్తే కొన తడిసి ఉంది. ఆవిడ ఆ తడిని వేలితో ముట్టి నాలుకకు ఆనించుకున్నారు. కలం మళ్లీ తెరిచారు.

తిరుగు ఫెర్రీలో నా స్నేహితుడు నా పల్లీలు తినలేదు. చాతం దగ్గరపడ్డాక మాత్రం, "నీ మీద కోపం లేదు భయ్యా. ఆవిడ మీదా లేదు. ఆ మైకు మీదే" అన్నాడు.

ఆ పొలం పూడ్చకూడదని, పోసిన మట్టి తీసేయాలని కోర్టు చెప్పింది. ఖాడీ మనిషా కాదా అన్నది ఈ కేసులో తేల్చవలసిన అవసరం లేదంది. ఓడా నీళ్లూ అంటూ నేను అరగదీసిన వాక్యం తీర్పులో ఎక్కడా లేదు. పిల్లలూ, మీరు ఎంతో మురిపెంగా కట్టే వాదనలకు చాలాసార్లు ఇదే గతి. కేసు పీతలు గెలుస్తాయి.

కంపెనీ వెళ్లిపోయింది. డాలీగంజ్ ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. మునిగిన పొలానికి బదులు ఎక్కడైనా నేల ఇవ్వమని టీచరత్త తరఫున నేను అర్జీలు పెట్టాను. జవాబులు వచ్చాయి, నేల రాలేదు. ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. ఆదివారం ఆరాధనలో నాకు ముందు వరసలో కూర్చునేది. ప్రసంగమంతా ఆవిడ ముడి వైపే చూస్తూ, ఇంకో వరస ఇటుకలు పెట్టుకుందో లేదోనని లెక్కలేసుకునేవాణ్ణి. మా గోడ మీద చర్చి క్యాలెండర్ పక్కన తిథుల క్యాలెండర్ కూడా వేలాడదీశాను. పున్నమి దగ్గరపడుతుంటే రోజూ దాని ముందు నిలబడేవాణ్ణి.

కోత పండుగ వచ్చింది. టీచరత్త ఈసారి రెండు బుట్టలు తెచ్చింది. ఒకటి తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, రెండోదాన్ని మోసుకొచ్చి నా ముందు ఆగింది.

"లే."

లేచాను.

"కోర్టు తేల్చలేదంట కదా, అది మనిషో కాదో."

"తేల్చలేదత్తా."

"మనిషైతే దాని కానుక అది ఇచ్చుకోవాలి. నా బుట్టలోంచి ఎన్నాళ్లిస్తాను? దానికి చేతుల్లేవు. నువ్వే కదా దాని తరఫు మనిషివి. పట్టుకెళ్లి పెట్టు."

పట్టుకెళ్లాను. పీతల కాళ్లు వదులుగా కట్టింది, కావాలనే అనుకుంటాను. పాస్టరుగారు మైకు పట్టుకుని ఎవరి పేరున చెప్పమంటారని మెల్లిగా అడిగారు. నేను టీచరత్త వైపు చూశాను. ఆవిడ పాటల పుస్తకం తిరగేస్తోంది. "ఖాడీ పేరున" అన్నాను. పాస్టరుగారు ఒక క్షణం ఆలోచించి, అలాగే ప్రకటించారు. హార్బరు సగందాకా వినిపించి ఉంటుంది.

వేలంపాట అయ్యాక, రెండు బుట్టలూ కొనుక్కుని బయటకు వస్తుంటే, టీచరత్త మెట్ల మీద చెప్పులు వేసుకుంటోంది.

"రేపు పెద్ద పోటు" అంది.

"తెలుసత్తా. చూసుకున్నాను."

"నీ క్లయింటు మా ఇంటికొస్తాది. నువ్వూ రా. మంచం ఎత్తాలి."

వెళ్లాను. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్లూ ప్రతి పున్నమికీ అమావాస్యకీ వెళ్లాను. ఇప్పుడు వరండా ముందు ఆగి నా మోకాళ్లు ఎలా పోయాయని మీరు అడుగుతుంటారు కదా. టేకు మంచం. చాలా బరువు.